మ్యాచింగ్ సెంటర్‌లో నర్సరీ పిల్ల

నర్సరీ సీటు కోసం హన్మకొండలో ఒక బడికి తీసుకెళ్తే మా మనుమరాలు ఏ కుర్చీలోనూ నిలవలేదు. "పాపకు కుదురు లేదమ్మా. ఎండాకాలం సెలవులయినంక తీసుకురండి, అప్పుడు సీటు సంగతి చూద్దాం" అంది అక్కడి మిస్. పిల్ల తల్లి, నా బిడ్డ ముఖం వాడిపోయింది. ఇల్లు చేరకముందే ఫోన్‌లో ఏకాగ్రత పెంచే గేములు ఎక్కించింది.

"ఫోన్ చూసి కుదురు నేర్చుకుంటదా? నువ్వు నేర్చుకున్నవా?" అన్నాను.

"మరి నువ్వే నేర్పరాదే అమ్మా! నోటితోని అందరు చెప్తరు."

నేర్పుతానన్నాను. ఆమె బ్యాంకుకు పోతే పిల్ల ఎట్లాగూ నాతోనే మట్టెవాడలో మా మ్యాచింగ్ సెంటర్‌కు వస్తుంది. జాకెట్టు ముక్కలు, చీరల ఫాల్స్, దారాలు అమ్ముతాం.

కౌంటర్ వెనక చాప పరిచి, కలగలిసిపోయిన దారం రీళ్లు, గుడ్డ ముక్కలు ముందర పోశాను. ఏ గుడ్డకు ఏ దారమో పెట్టాలి. చిలకపచ్చ సులువుగానే దొరికింది. నెమలికంఠం రంగు దగ్గర ఆగి, రీలూ గుడ్డా పట్టుకుని మెట్ల మీదికి పోయి ఎండలో చూసింది! ట్యూబులైటు కింద రంగు మోసం చేస్తుందని మేం రోజూ చేసేదే. నేను నేర్పలేదు, చూసి పట్టుకుంది. ఈ పిల్లకా కుదురు లేనిది?

అంతలో చీర పట్టుకొచ్చిన ఒకామె వంగింది. "ఏం బిడ్డా, పేరేంది? అన్నం తిన్నవా? ఏదీ, ఒక రైమ్ చెప్పు."

పిల్ల లేచింది, రైమ్ చెప్పింది, గంతులేసింది. రీళ్లు అక్కడే ఉండిపోయాయి. తర్వాత వచ్చినామె బుగ్గ గిల్లింది. ఆ తర్వాతామె చాక్లెట్ ఇచ్చింది. చిన్నపిల్ల కనబడితే పలకరించకుండా పోవడం మనకు చేతకాదు. పెద్దవాళ్లయితే పనిలో ఉన్నారని ఆగుతాం. పిల్ల చేసేది మాత్రం మన కంటికి పనే కాదు. కుదురుగా ఉండనిస్తే కదా ఉండటానికి!

మర్నాటి నుంచి కాపలాకు దిగాను.

"పిల్ల పనిల ఉన్నది. అయినంక మాట్లాడుతది."

"గింత పిల్లకు పనేందక్కా?"

"నీ చీరకు ఫాల్ కావాల్నా, పిల్ల పేరు కావాల్నా?"

"అబ్బో! గిట్ల మాట్లాడితే గిరాకీ ఎట్లొస్తది?"

"నువ్వొచ్చినవు గదా."

నవ్వుకుంటూ ఫాల్ కొనుక్కుని, దానితో ఊరికెనే ఇచ్చే దారం రీలు కూడా అడిగి తీసుకుపోయింది.

ఇతరులను ఆపడం సులువే, నా నోరు ఆపుకోవడమే కష్టం. ఎరుపు గుడ్డకు మెరూన్ దారం పెట్టినా పళ్లు బిగబట్టి ఊరుకున్నాను. కాసేపటికి తనే చూసి మార్చింది. ఒక్కో రోజు విసుగొచ్చి రీళ్లు దొర్లించేది. ఆ పూటకు అంతే అనుకుని డబ్బా మూసేసేదాన్ని.

జూన్‌లో మళ్లీ బడికి వెళ్లాం. మిస్ పూసలు, దారం ఇచ్చింది. పిల్ల ఎక్కించడం మొదలుపెట్టగానే "వాట్ ఈజ్ యువర్ నేమ్?" అనడిగింది. పిల్ల తలెత్తలేదు. మళ్లీ అడిగింది.

"పనిల ఉన్న. అయినంక మాట్లాడుత."

నా బిడ్డ నన్ను మింగేసేటట్టు చూసింది. మిస్ మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుంది. పిల్ల ఆఖరి పూస దాకా ఎక్కించి, ముడి వెయ్యమని దారం మిస్ చేతికిచ్చి, అప్పుడు పేరు చెప్పింది. సీటొచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నా బిడ్డ అడిగింది. "కుదురు నేర్పినవు సరే, ఆ నోరెందుకే అమ్మా?"

"ఫాల్ కొన్నోళ్లకు దారం ఊరికెనే ఇస్తం" అన్నాను.