నిమిషాలయ్యగారు కొలిచిన దూరం

నిమిషాలయ్యగారికి లోకంలో దేనిమీదా పంతం లేదు, ఒక్క నిమిషం మీద తప్ప. ఆ విషయంలో కన్నతండ్రినైనా ఉపేక్షించే మనిషి కాదు. అమ్మానాన్నలు పెట్టిన అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. ఆయన హాజరు పుస్తకం రాసే గుమస్తా. చేతికి ఒక గడియారం, జేబులో ఇంకొకటి. ఆ రెండింటికీ తేడా వస్తే గోడ గడియారాన్ని అనుమానించేవారు.

ఆ ఆఫీసులో వెసులుబాటు వేళలుండేవి. ఎనిమిదికీ పదికీ మధ్య ఎప్పుడైనా రావచ్చు, భోజనం గంట కాక ఏడున్నర గంటలు పనిచేసి వెళ్ళిపోవచ్చు. వెసులుబాటు అన్న మాట వింటే అందరి ప్రాణాలూ తేలికపడ్డాయి, నిమిషాలయ్యగారికి మాత్రం నిద్ర కరువైంది. ఇదివరకు నలభైమందికీ ఒకటే లెక్క, ఇప్పుడు నలభై లెక్కలు.

"పదీ రెండు," అనేవారు, గుమ్మంలో కాలుపెట్టినవాడి మొహమైనా చూడకుండా.

"లిఫ్టు పనిచెయ్యట్లేదండీ."

"లిఫ్టు సంగతి నేను పైవాళ్ళకు రాస్తాను. ఈ రెండు నిమిషాలూ మాత్రం మీవే."

పెద్ద మేనేజరు పోయిన మర్నాడు అందరూ లేచి నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించారు. కాసేపటికి ఒకరిద్దరు గొంతు సవరించుకుని కుర్చీలు లాగబోయారు. కళ్ళు తెరవకుండానే నిమిషాలయ్యగారు అన్నారు: "ఇంకా ఇరవై రెండు సెకన్లు." పోయినాయనకు ఆ పూట మౌనం నిండుగా దక్కింది.

రికార్డుల గదిలో పనిచేసే అమ్మాయికి మాత్రం ఈ వేళాకోళాలకు నవ్వు వచ్చే రోజులు కావవి. తండ్రికి కుడిపక్క పడిపోయి నెల దాటింది. మాట పోయింది. ఆసుపత్రిలో సాయంత్రం అయిదు నుంచి ఆరు వరకే లోపలికి రానిస్తారు. ఆ గంటలో కూతురు పట్టే జావ తప్ప సాయంత్రం పూట ఇంకేదీ ఆయన గొంతు దిగదు. నర్సులు బతిమాలినా పెదవులు బిగించేస్తాడు. ఒక్కరోజు ఆమె వెళ్ళలేకపోతే గిన్నె గిన్నెలాగే ఉండిపోయింది. ఇంకోసారి ఇలా జరిగితే ముక్కులోంచి గొట్టం వెయ్యక తప్పదని డాక్టరమ్మ మెల్లగానే చెప్పింది. ఆ మెల్లదనానికే అమ్మాయి ఎక్కువ భయపడింది. అందుకే పొద్దున్నే ఎనిమిదికి ఆఫీసుకొచ్చి, నాలుగున్నరకు లేచిపోయేది. దేవుడు ఇన్ని తలుపులు మూసి ఈ ఒక్క వెసులుబాటు ఉంచాడనుకునేది.

అంతలో శిక్షణ వచ్చిపడింది. ఊరి చివర శిక్షణ కేంద్రంలో మూడు రోజులు, తొమ్మిది నుంచి అయిదున్నర దాకా. అందరూ రావాల్సిందే. ఆమెకు సెలవులు ఎప్పుడో అయిపోయాయి. శుక్రవారం నిమిషాలయ్యగారి బల్ల ముందు నిలబడింది.

"బాబాయిగారూ, ఆ మూడు రోజులూ నేను ఏడున్నరకే వచ్చి కూర్చుంటానండి. నాలుగింటి బస్సుకు వదిలెయ్యండి. ఆ తర్వాత అయిదుంపావు దాకా బస్సు లేదు, వెళ్ళేసరికి గేటు మూసేస్తారు."

"ఏడున్నరకు అక్కడ ఎవరున్నారమ్మా నీకు పాఠం చెప్పడానికి?"

"ఎవరూ ఉండరండి."

"మరి?" అని ఆయన నిబంధనల పుస్తకం తీసి, వేలు పెట్టి చదివారు. "బయట జరిగే శిక్షణకు రాకపోకల వెసులుబాటు వర్తించదు." మళ్ళీ చదివారు. ఆమెకు ఒక్కసారే సరిపోయింది.

వెనుదిరుగుతుంటే, "మీ ఇల్లు ఏ స్టాపు దగ్గర?" అని అడిగారు. చెప్పింది. "అక్కణ్ణించి ఆఫీసుకు?" "నడిస్తే ఇరవై నిమిషాలండి." రాసుకున్నారు. మనిషి గుండెలో కూడా గడియారం ముల్లే తిరుగుతుంది కాబోలు అనుకుని ఆమె రికార్డుల గదిలోకి వెళ్ళి, బీరువాల మధ్య కళ్ళు తుడుచుకుంది.

సోమవారం తెల్లవారుజాము నుంచీ ముసురు. శిక్షణ హాల్లో గోడలు చెమ్మగిల్లి, కిటికీ రెక్కలు ఉబ్బి ఒక పట్టాన మూతపడటం లేదు. శిక్షకుడు బొమ్మలు చూపిస్తూ ఉత్సాహం గురించి నిరుత్సాహంగా చెబుతున్నాడు. చివరి వరసలో నిమిషాలయ్యగారు రెండు గడియారాలూ బల్లమీద పెట్టుకుని కూర్చున్నారు. టీ విరామం నాలుగు నిమిషాలు సాగిందని అప్పటికే ఒకసారి శిక్షకుణ్ణి నిలదీశారు. మధ్యాహ్నానికి ఆ శిక్షకుడు చివరి వరసవైపు చూడటమే మానేశాడు.

మూడున్నర దాటాక అమ్మాయికి పాఠం వినబడటం మానేసింది. నాన్న బిగించిన పెదవులే కళ్ళముందు మెదిలాయి.

సరిగ్గా మూడూ యాభై నాలుగుకు వెనక కుర్చీ కిర్రుమంది.

"రికార్డులమ్మాయీ, లే. నీ పనివేళ అయిపోయింది."

శిక్షకుడు ఆగిపోయాడు. "క్లాసు మధ్యలో ఇదేమిటండీ?"

"శిక్షణకు వచ్చే దారి రోజూ ఆఫీసుకొచ్చే దారికన్నా ఎక్కువైతే, ఆ ఎక్కువంతా పనివేళే. రాకకూ పోకకూ కూడా. వెసులుబాటు వర్తించదన్న పేజీ వెనకే ఉంది. ఈ అమ్మాయికి ఒక్కో దారికి నలభై ఎనిమిది నిమిషాలు ఎక్కువ. రెండు దార్లకూ తొంభై ఆరు. అంటే ఇప్పటితో సరి."

"ఇంకో గంటన్నరే కదండీ, కూర్చోనివ్వండి."

"కూర్చుంటే అది అదనపు పని. అదనపు పనికి ముందుగా రాసిచ్చిన అనుమతి ఉండాలి. మీ దగ్గరుందా?"

"లేదండి."

"అయితే మీ పేరేమిటో చెప్పండి, రాసుకుంటాను."

శిక్షకుడు ఆమెవైపు దండం పెట్టినంత పని చేశాడు. "వెళ్ళమ్మా తల్లీ, వెళ్ళు."

"రేపూ ఎల్లుండీ కూడా ఇదే టైము," అన్నారు నిమిషాలయ్యగారు ఆమెతో, గడియారం మీంచి తల ఎత్తకుండా. "అర నిమిషం ఎక్కువ కూర్చున్నా నేనూరుకోను."

ఆమె గొడుగైనా తెరవకుండా పరిగెత్తింది. నాలుగింటి బస్సు కదలబోతుండగా ఎక్కి, సీట్లో కూలబడింది. అద్దాల మీద నీళ్ళు ధారలు కడుతున్నాయి. కండక్టరు టిక్కెట్టు చింపుతూ ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఆ రెండు గడియారాలాయన ఆఫీసేనా మీది?"

"మీకెలా తెలుసండీ?"

"తెలియకేం? నిన్న ఆదివారమంతా మా బండిలోనే ఉన్నాడు. పొద్దున మీరెక్కిన స్టాపులోనే ఎక్కి ఇక్కడ దిగడం, మళ్ళీ ఇక్కడ ఎక్కి అక్కడ దిగడం. మొదటిసారి ఒక్కో దారికీ అరవై ఒక్క నిమిషాలే పట్టింది. అంత త్వరగా చేర్చాం కదా, సంతోషిస్తాడనుకున్నా. మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. నాలుగూ ఎనిమిది, నాలుగూ ఎనిమిది అని ఒకటే గొణుగుడు."

ఆమె మనసులో లెక్క వేసుకుంది: ఆఫీసు నడక ఇరవై పోగా దారికి నలభై ఒకటి, రెండు దార్లకూ ఎనభై రెండు. నాలుగూ ఎనిమిదికి వదిలితే ఈ బస్సు దొరికేది కాదు.

"ఉన్నదానికి ఏడు కలిపి రాసేసుకోండి, ఎవరు చూస్తారు అన్నాన్నేను. ఎంత కోపమొచ్చిందో! లేని నిమిషం నా చేత్తో రాయలేనయ్యా అన్నాడు. తిరిగి ఎక్కి, డ్రైవరు పక్కనే నిలబడ్డాడు. తొందరేముంది నాయనా, మెల్లగా పోనీ, అదుగో ఆ ముసలమ్మను నిదానంగా ఎక్కనీ, అంటూ దారి పొడుగునా ఒకటే పాట. ఒక్కో దారికీ అరవై ఎనిమిది చేయించుకునిగానీ దిగలేదు."

ఆమె భయంగా అడిగింది: "అయితే ఇవాళ కూడా మెల్లగానే తోలుతారా?"

"భలేవారే. పొద్దున తొలి ట్రిప్పులో ఈ బండిలోనేగా వచ్చాడు. నాలుగింటి ట్రిప్పులో ఎక్కడైనా ముచ్చట్లు పెట్టుకుని ఆగారో, డ్రైవరు పేరూ నా పేరూ రాస్తానని బెదిరించి మరీ దిగాడు."

బస్సు నీళ్ళు చిమ్ముకుంటూ పోయింది. ఆసుపత్రి దగ్గర దిగేసరికి అయిదుకు ఇంకా తొమ్మిది నిమిషాలుంది. గేటు తియ్యలేదు. ఆమె వానలో, గొడుగు కింద, పొద్దున నింపుకొచ్చిన జావ ఫ్లాస్కు గుండెకు హత్తుకుని నిలబడింది. ఈ తొమ్మిది నిమిషాలు తన చేతిలో మిగిలిపోయాయని తెలిస్తే బాబాయిగారు ఏ గడిలో రాస్తారో అనుకుంటే, నెల రోజుల తర్వాత మొదటిసారి ఆమెకు నవ్వొచ్చింది.