ఎలిబీ అంటే మరోచోట

వర్క్‌షాపులో పట్టపగలు రాగి తీగ చుట్టలు మాయమయ్యాయి. పోలీసులు అక్కడ పనిచేసే లిఫ్టు మెకానిక్‌ను పట్టుకున్నారు. నిజానికి దొంగతనం జరిగినప్పుడతను ఇంట్లో, మంచాన పడ్డ భార్యకు చెంచాతో పాలు పడుతున్నాడు.

"ఎలిబీ ఉంటే గట్టెక్కుతావు," అంది లాయరమ్మ.

"అంటే ఏంటమ్మా?"

"లాటిన్ మాట. 'మరోచోట' అని అర్థం. లాటిన్‌లో అది మామూలు మాటే, ఇంగ్లీషువాళ్ళు తెచ్చి కోర్టులో కూర్చోబెట్టారు. నేరం జరిగినప్పుడు నువ్వు మరోచోట ఉన్నావని ఎవరైనా సాక్ష్యం చెప్పాలి."

"మా ఆవిడ చెప్పేదమ్మా. కిందటి నెలే పోయింది."

"ఇంకెవరూ చూడలేదా?"

"సూపర్‌వైజరు కంట పడితే ఉద్యోగం పోతుందని, పని మధ్యలో ఎవరూ చూడకుండానే ఇంటికి వెళ్ళానమ్మా."

లాయరమ్మ పెన్ను కింద పెట్టేసింది.

బెయిలు మీద బయటికొచ్చి, అతను తన సందులో ప్రతి తలుపూ తట్టాడు. కింద వాటాలో ఉండే దర్జీ కాళ్ళు పట్టుకున్నాడు. దర్జీ కళ్ళనీళ్ళు పెట్టుకుని, "నువ్వు రావడం నేను చూళ్ళేదన్నా. చూశానని ఒట్టేసి ఎలా చెప్పను?" అన్నాడు.

ఎలిబీ రుజువు కాలేదని జడ్జి శిక్ష వేశాడు. పోలీసు రెక్క పట్టుకుని లాక్కెళ్తుంటే మెకానిక్ వెనక్కి తిరిగి, ఖాళీ అవుతున్న కోర్టు గదికి చెప్పుకున్నాడు: "నేనక్కడ లేను సార్. మా ఆవిడ దగ్గరున్నాను."