సూది ఎల్లేశం కాక

మా క్వార్టర్ల లైన్ల ఎల్లేశం కాక ముందు సూది ఏసుకునేటోడు, ఆ తర్వాత ఎవరింట్ల తినాల్నో చూసుకునేటోడు. లోకమంత వంటయినంక చేతులు కడుక్కుంటది. ఈయన తొడకు సూది గుచ్చుకొని, అంగి సదురుకొని, ఎవరిదో ఒకరి తలుపు కొట్టి, "సూది ఏసుకున్న బిడ్డా. జల్ది ఇంత అన్నం పెట్టకపోతే మీ గడపల్నే పడిపోత. ఇగ నీ దయ" అనేటోడు.

ఆయనకు షుగరు బీమారి. బొగ్గుబాయిల పన్జేసే మనిషిని ఆ బీమారితోనే పైకి పంపి, దీపాలిచ్చే ల్యాంపు రూంల డ్యూటీ ఏసిండ్రు. సూదిమందు ఒంట్ల చక్కెరను దించుతది. దించినంక తినకపోతే అది ఇంకా దిగి, చెమటలు, వణుకు, ఆఖరికి సోయి తప్పుడు. అందుకని సూది ఏసుకున్నోడు తినాలె. అందుకని ఎల్లేశం కాక వస్తున్నడంటే ఆడోళ్ళు గిన్నెలు దాసేటోళ్ళు.

నేను అరవై ఎనిమిదిల కొత్తకోడలిగ గోదావరిఖనికి వచ్చిన. మాది కమాన్‌పూర్ అవతల పల్లె. పెండ్లయిన వారానికే మా ఆయన బుచ్చన్నకు రెండో షిఫ్టు పడ్డది. పగటీలి పోతే మళ్ళ నేను పండుకున్నంకనే వచ్చేది. పక్కింట్ల ఎవరున్నరో తెల్వది. రెండర్రల క్వార్టర్ల గోడను చూసుకుంట కూసునేదాన్ని. గోడ నన్ను చూసేది. ఇద్దరికి మాటల్లేవు. ఒక్కదానికి పొయ్యేందని మంచినీళ్ళు తాగి పండేదాన్ని.

ఒకనాడు పొద్దుగూకంగ తలుపు చప్పుడైంది.

"ఎవరు?"

"ఎల్లేశాన్ని. సూది ఏసుకున్న."

"అయితే?"

"అయితే ఏంది బిడ్డా, అన్నం పెట్టు."

"వండలేదు కాకా."

"వండు మరి. నేను కూసుంట. పడితే గిటు పక్కకు పడ్త తియ్యి, నువ్వు నడిసేటందుకు అడ్డం రాను."

ఊరు కొత్త, మనుషులు కొత్త. వచ్చిన పది దినాలకే ఒక ముసలోడు మా గడపల సస్తే ఏమనుకుంటరు! పొయ్యిల బొగ్గులేసి, గొట్టంతోని ఊదుకుంట ఊదుకుంట కండ్లల్ల నీళ్ళు కార్చుకున్న. ఆ నీళ్ళు సగం పొగవి, సగం మా అవ్వ యాదికొచ్చినవి. అన్నం, పచ్చిపులుసు పెట్టిన. కాక ముట్టలేదు.

"నీ పళ్ళెమేది?"

"నేను తర్వాత తింట."

"గట్ల కుదరదు బిడ్డా. ఒక్కన్నే తింటే సూది పనిచెయ్యది. డాక్టర్ చెప్పిండు."

పెద్ద దవాఖాన డాక్టర్ చెప్పిండంటే నేనెంత? ఎదురుంగ కూసోని తిన్న. ఎన్ని దినాలకో కడుపు నిండ తిన్న. ఆ మాట ఏ డాక్టరూ చెప్పలేదని తెలిసేసరికి నాకు ఇద్దరు పిల్లలు.

ఇగ పొద్దుగాల ఆయన కొలువు వేరే. వాకిట్ల చిన్న దీపం ముట్టించి, గాజు గొట్టంల నీలం మందు పోసి, అందుల తన ఉచ్చ నాలుగు చుక్కలేసి కాగబెట్టేటోడు. నీలం నీలంగనే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చకు తిరిగితే కొంచెం, పసుపయితే ఎక్కువ, ఇటుక రంగొస్తే ఆనాటికి ఆయన ముఖమే ఇటుక. రంగును లైనంతటికి ఇనబడేటట్టు చెప్పేటోడు.

"ఇయ్యాల ఇటుక రంగే!"

ఆ మాటతోనే నీళ్ళకాడ ఆడోళ్ళకు తెలిసిపోయేది, రాత్రి ఎవరింట్లనో తీపి వండిండ్రని. "మహబూబీ, షీర్ కుర్మా చేసినవట, మాకు చెప్పనే లేదు!" అని నిలదీసేటోళ్ళు. పాపం మహబూబీ, కాక కోసమని దాసిపెట్టిన ఒక్క గిన్నెకు లైనంతటికి జవాబు చెప్పేది.

మా ఆయనకు మాత్రం కోపం. "సొంత పొయ్యి లేదా ముసలోనికి? ఇల్లిల్లు తిరుగుతడేంది?"

నేను, "భార్య పోయింది గదా, ఎవరు వండుతరు?" అనేదాన్ని.

మళ్ళ మా ఆయనే ఒక ఐతారం నాడు యాటకూర తెచ్చి, మనసు కరిగి, స్వయంగ పోయి పిలిసిండు. కాక రాలేదు. "రేపొస్త తియ్యి బుచ్చన్నా" అన్నడట. మా ఆయన వాపస్ వచ్చి, "పిలువకపోతే వస్తడు, పిలిస్తే రాడు. గా సూది తొడకు గాదు, తలకాయకు ఎక్కినట్టుంది" అని రెండు ముక్కలు ఎక్కువ తిన్నడు.

నేనొచ్చిన ఐదారేండ్లకు ఒక వానకాలంల మా ఎనుక లైన్ల మల్లక్క పెనిమిటి లింగమూర్తి కామెర్లతోని పోయిండు. పిల్లల్లేరు. దినాలయ్యేదాక చుట్టాలున్నరు, అయినంక ఎవరి దారి వాళ్ళు పట్టిండ్రు. మల్లక్క గోడ దిక్కు మొఖం పెట్టి పండింది. మేము అన్నం తీస్కపోతే, "ఆడ పెట్టుండ్రి" అనేది. పొద్దుగాల గిన్నె నిండుగనే వాపస్ వచ్చేది. మనిషి పుల్లయింది.

ఒక సాయంత్రం అటు దిక్కెల్లి పోతుంటే ఎల్లేశం కాక ఆమె గడప మీద కూసోని ఉన్నడు.

"చెల్లె, సూది ఏసుకున్న."

లోపట్నుంచి గొంతు సన్నగ వచ్చింది. "ఇంకో ఇంటికి పో అన్నా."

"పోను."

"నా ఇంట్ల ఏం లేదు."

"ఉన్నదే వండు."

నాకు భయమైంది. ఇంటికి ఉరికి పళ్ళెంల అన్నం తెచ్చిన. కాక పళ్ళాన్ని పక్కకు నూకిండు. అప్పటికే అంగి తడిసిపోయింది, చేతులు వణుకుతున్నయ్. ముద్ద కలిపి నోటికాడ పెడితే పండ్లు గట్టిగ బిగపట్టి తల అటు తిప్పిండు. "చెల్లె... పొయ్యి..." అన్నడు. నాలుక తిరుగుతలేదు.

"మల్లక్కా! కాక నిజంగనే పోతున్నడు!" అని మొత్తుకున్న.

మంచం చప్పుడైంది. మల్లక్క లేసింది. జుట్టు ఇరబోసుకొని, గోడ పట్టుకొని, డబ్బాలన్ని గిరగిర తిప్పి చక్కెర దొరికిచ్చుకుంది. గుప్పెడు చక్కెర చెంబుల కలిపి, కాక తల ఒడిల పెట్టుకొని, దవడలు పట్టి గుటుక గుటుక తాగిపిచ్చింది. తాగిపిచ్చుకుంటనే తిట్టింది.

"నీకు నా ఇల్లే దొరికిందా ముసలోడా! ఈ ఇంటికి ఒక్క సావు సాలదా?"

కొద్దిసేపటికి కాక కండ్లు తెరిసిండు. చుట్టు చూసిండు. "చక్కెర మస్తుగ ఏసినవ్ చెల్లె. రేపు ఇటుక రంగే" అన్నడు.

మల్లక్క నవ్వలేదు. ఉరిమి చూసి, పోయి పొయ్యి ముట్టిచ్చింది. అన్నం దించి, ఇంత పప్పు ఏసి ఆయన ముందట పెట్టింది. కాక, "నీ పళ్ళెమేది?" అన్నడు. డాక్టర్ ముచ్చట గూడ చెప్పిండు. ఆమె పళ్ళెం తెచ్చుకొని కూసుంది. కన్నీళ్ళు పప్పుల పడుతున్నా మొత్తం తిన్నది.

కాకను పట్టుకొని ఇంటిదాక తోలుకపోయిన. అన్నేండ్లల్ల ఆయనింట్ల అడుగు పెట్టుడు అదే మొదలు. పొయ్యి మీద గిన్నె, మూత. మూత తీసి చూసిన. అన్నం. పక్కన పప్పు. ఇంకా ఎచ్చగున్నయ్.

"కాకా, ఇదేంది?"

"అన్నం."

"అన్నమని నాకు తెల్వదా! వండుకొని మా ఇండ్లు పట్టుకొని తిరుగుతవేంది?"

కాక మంచంల ఒరిగిండు. "నా ముసల్ది పోయినప్పుడు సూది అలవాటు కొద్ది ఏసుకున్న. తినబుద్ధి గాలే. పడిపోయిన. పక్కింటి జన్నత్ బీ చూసి షర్బత్ పోసి బతికిచ్చింది. 'మా ఇంటికి వచ్చేటందుకు నీకేమైంది' అని తిట్టింది. నేను పోలేకపోయిన గని, ఎవరన్న నా ఇంటికొచ్చి కూసుంటే మంచిగుండు అనిపిచ్చింది. పొద్దుగూకంగ లైనంత పొగ లేస్తది గదా బిడ్డా. ఏ ఇంటికాడ లేవలేదో చూస్త. గటు పోత. ఒక్కలు తింటే అది తినుడు గాదు, మేసుడు."

నేను వచ్చిన కొత్తల పొగ లేవని ఇల్లు ఎవరిదో నాకు వేరే చెప్పాల్సిన పని పడలేదు.

"మరి సూది ఏసుకోకుంటనే ఏసుకున్ననని చెప్పొచ్చు గద?"

"ఉత్తగ నాటకమాడుదామంటే నాకు చెమట రాదు గదనే."

"గిట్ల చేస్తే ఒకనాడు సస్తవని డాక్టర్ చెప్పలేదా?"

"గది మాత్రం నిజంగనే చెప్పిండు" అన్నడు కాక.

కొన్ని దినాలకు పొద్దున్నే పంపుకాడ నా బిందె పక్కకు జరిపి, ఎవరో తమ బిందె పెట్టిండ్రు. చూస్తే మల్లక్క, పెనిమిటి పోయినంక మొదటిసారి పంపుకాడికొచ్చింది. "నా వంతక్కా" అన్న. అంతే.

"ఏందే సారవ్వా, ఏంది నీ వంతు? పంపు నీ అయ్య తవ్విచ్చిండా?"

నేనూ ఊకోలేదు. లైనంత బయటికొచ్చింది. మల్లక్క నా పుట్టింటికాన్నుంచి మొదలుపెట్టి మా ఆయన చుట్టాలదాక ఒక్కన్ని ఇడిసిపెట్టలే. ఎల్లేశం కాక వేపపుల్ల నోట్ల పెట్టుకొని, అరుగు మీద కూసోని, హరికథ ఇన్నట్టు తల ఊపుకుంట ఇంటున్నడు. మధ్యల మల్లక్కకు దమ్ము ఆగితే, "ఆఁ, ఆఁ, చెప్పు చెల్లె" అని అందిస్తున్నడు. ఆయన్ని చూసేసరికి నాకు నవ్వొచ్చింది.

"నవ్వుతున్నవానే?" అని మల్లక్క ఇంకో మెట్టెక్కింది. తన బిందె నిండంగనే తీసి, నా బిందెను తనే పంపు కింద పెట్టింది. తిట్టుడు మాత్రం ఆపలేదు.