మామయ్యకి చెయ్యని పరీక్ష

మొన్న మంగళవారం, ముప్పై ఏళ్ళకు పైగా రోగుల్ని పడుకోబెట్టిన బల్ల మీద నేనే పడుకోవలసి వచ్చింది. పది రోజులుగా విరేచనంలో రక్తం పడుతోంది. ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకుని, నేను రిటైరయ్యాక ఏలూరులో నా గదిలోనే కూర్చుంటున్న సర్జనమ్మ, సంగతి విని చేతులు నలుపుకుంటూ నిలబడిపోయింది. "మీరు నాకు గురువుగారండీ, ముందు స్కానింగ్ తీయిద్దామండీ" అంది. నాకు ఒళ్ళు మండింది. "ఏవమ్మా, నేను నీకు నేర్పింది ఇదేనా? గ్లవ్ వేసుకో" అని కసిరి, గోడవైపు ఒత్తిగిలి మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకున్నాను. ఆ పిల్ల గ్లవ్ తొడుక్కునే ఆ కాస్త సేపట్లో మామయ్య గుర్తొచ్చారు.

మామయ్య అంటే మా అమ్మకి అన్నగారు, తర్వాత నాకు పిల్లనిచ్చిన మామగారు కూడా ఆయనే. భీమడోలుకి అవతల కొల్లేటి వైపు ఆయనకి వరిచేలుండేవి. వానాకాలంలో కొల్లేరు పొంగి దారి మునిగిపోతే నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని, మొలలోతు నీళ్ళలో నడిచి హైస్కూలుకి చేర్చేవారు. అంత నీళ్ళలోనూ పంచె మోకాలు దాటి ఎగగట్టేవారు కాదు, ఎదురుగా ఎవరైనా ఆడవాళ్ళు వస్తారేమోనని. చిన్నప్పుడు నన్ను ఒరేయ్ అని నోరారా పిలిచిన మనిషి, నా పెళ్ళి పీటల మీంచి నేను లేచిన దగ్గర్నుంచీ అల్లుడుగారూ, మీరు అనడం మొదలుపెట్టారు. ఆ మన్నన నాకు ఎప్పుడూ ఇబ్బందిగానే ఉండేది.

నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తలో మా వైపు జనం రక్తం పడుతోందని నోరు విప్పి చెప్పేవాళ్ళు కాదు. వేడి చేసిందండీ అనేవాళ్ళు. సబ్జా గింజలు నానబెట్టుకుని తాగేవాళ్ళు, మొలలు ఊడబెరుకుతానని బోర్డు కట్టుకున్నవాడి దగ్గరికి వెళ్ళేవాళ్ళు, అన్నీ అయ్యాక, చేతులు కాల్చుకుని నా దగ్గరికొచ్చేవాళ్ళు. వాళ్ళని ఎంత తిట్టేవాణ్ణో! వేలితో పరీక్ష చెయ్యకుండా కలం పట్టుకున్న జూనియర్ల చేతుల్లోంచి కేసు షీటు లాగి విసిరికొట్టేవాణ్ణి. ఆ విషయంలో నాకు పెద్ద రాక్షసుడని పేరు.

అలాంటి రోజుల్లోనే ఓ పొద్దున్న మామయ్య, కూతురికని బుట్టలో కొర్రమీనులు పట్టుకుని రైలు దిగారు. బుట్ట ఇంట్లో ఇచ్చేసి తిన్నగా ఆసుపత్రికొచ్చి, నా గది తలుపు తనే దగ్గరగా వేసి, నేల చూపులు చూస్తూ కూర్చున్నారు. "కాస్త వేడి చేసిందండీ అల్లుడుగారూ" అన్నారు. రెండు నెలలుగా రక్తం పడుతోందని నేను అడగ్గా అడగ్గా తేలింది. మామయ్యా, పంచె సడలించి ఇలా పడుకోండి అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన అంగవస్త్రం అంచు వేళ్ళకి చుట్టుకుంటున్నారు. ఆ మాట మింగేశాను. మొలలే మామయ్యా, మజ్జిగ బాగా తాగండి అని ఆయింట్‌మెంటు రాసిచ్చాను. ఆయన మొహం ఒక్కసారిగా తేటపడింది. ఆ మధ్యాహ్నం ఇంటికి వెళితే మా ఆవిడ వంటింటి గుమ్మంలోనే ఆపి అడిగింది: "నాన్నని సరిగ్గా చూశారా బావా?" చూశాను అన్నాను.

ఎనిమిది నెలల తర్వాత పొట్ట ఉబ్బిపోయి, వాంతులతో ఆటోలో తీసుకొచ్చారు. అప్పుడు చూశాను. గడ్డ నా వేలికి అందేంత దూరంలోనే, రాయిలా ఉంది. అప్పటికే కాలేయానికి పాకేసింది. కత్తి పట్టుకోవడానికి నాకు చెయ్యి ఆడక, తాడేపల్లిగూడెం నుంచి స్నేహితుణ్ణి పిలిపించాను. అతను చెయ్యగలిగింది మలం బయటికి రావడానికి పొట్ట మీద దారి తీసి సంచీ తగిలించడం ఒక్కటే. మోకాలు కనపడితేనే సిగ్గుపడిన మనిషి ఆ సంచీతో తొమ్మిది నెలలు బతికారు. పెళ్ళిళ్ళలో పంక్తికి కూర్చోవడం మానేశారు, తర్వాత వీధి అరుగు మీదికి రావడమే మానేశారు. నేను ఉన్నప్పుడల్లా ఆ సంచీ నేనే మార్చేవాణ్ణి. మీకెందుకండీ ఈ పని అల్లుడుగారూ అని ఆయన మొహం అటు తిప్పుకునేవారు. ముందే చూసి ఉంటే కోసి తీసేయగలిగేవాళ్ళమేమో. ఆ 'ఏమో' దగ్గరే ఇన్నేళ్ళూ ఆగిపోయాను.

మొన్న ఆ సర్జనమ్మ పరీక్ష పూర్తి చేసి, చేతులు కడుక్కుని వచ్చి, "మొలలేనండీ, గడ్డలేమీ తగల్లేదు. పై పేగు కూడా కెమెరాతో చూసేద్దామండీ" అంది. సంతోషించాల్సిందిపోయి నాకు ఏడుపొచ్చింది. చూడకుండా నేను మామయ్యకి చెప్పిన మాటే అది.

ఇంటికొచ్చాక మా ఆవిడ అన్నం వడ్డిస్తూ, సరిగ్గా చూసిందా అని అడిగింది. చూసింది అన్నాను. ఇక నా వల్ల కాలేదు. మీ నాన్నని నేను చూడలేదే, ఆ రోజు నీతో అబద్ధం చెప్పాను అనేశాను.

ఆవిడ గరిటె కింద పెట్టింది. "తెలుసు బావా" అంది. "ఆ సాయంత్రం నాన్నని రైలెక్కించడానికి వెళ్ళినప్పుడు ఆయనే చెప్పారు. నన్ను పడుకోమనైనా అనలేదమ్మా, మీ ఆయన ఎంత మర్యాదస్థుడో అని ఒకటే మురిసిపోయారు."

ఇన్నేళ్ళూ ఆవిడ నన్ను ఒక్క మాట అడగలేదు. అదీ మర్యాదే కాబోలు. ఇప్పటి పిల్లలకి పెద్దల దగ్గర బొత్తిగా సిగ్గూ బిడియం లేకుండా పోయాయని నా ఈడువాళ్ళు బాధపడుతుంటారు. నాకైతే బాధగా లేదు.