రెండో గుండీ

బట్టలకి దయ్యాలు పట్టవని మీరనుకుంటే కుట్లమ్మ దగ్గర ఒక్క పూట కూర్చుని చూడండి. పాతబట్టల దుకాణం వెనకగదిలో కిటికీ పక్కన బల్ల వేసుకుని, ఎవరో తొడిగి వదిలేసిన బట్టల కుట్లు విప్పడం ఆవిడ పని. విప్పి, ఉతికి, ఇంకొకరి ఒంటికి సరిపోయేలా మళ్ళీ కుడుతుంది. ఏ బట్ట పట్టుకున్నా ముందు దానికి చెప్పి మరీ కత్తెర పెడుతుంది. "ఏమీ అనుకోకండి, నడుం దగ్గర కాస్త విప్పుతున్నా" అంటుంది, ఎదురుగా మనిషి ఉన్నట్టు. మొదట్లో విన్నవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఇప్పుడు వాళ్ళే ఆ గదిలోకి వచ్చి గొంతు తగ్గించి మాట్లాడతారు.

మోచేతుల దగ్గర అరిగిన చొక్కా చూపించి, "ఈయన కిటికీ అంచున చేతులానించి ఎవరికోసమో తెగ ఎదురుచూశాడు" అంటుంది. గౌను అంచు తిప్పిచూసి, "ఈ పిల్ల ఎదుగుతుంటే తల్లి ఏటేటా దించుతూ వచ్చింది, ఇక్కడ ఆపేసింది" అని ఊరుకుంటుంది. ఎందుకు ఆపేసిందో అడగడానికి మనకి నోరు రాదు. తలుపు తీసినప్పుడల్లా గాలికి కొక్కేల మీది బట్టలన్నీ ఒక్కసారిగా మనవైపు తిరుగుతాయి. అలవాటు లేనివాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది.

దుకాణం నడిపే అమ్మాయిని అందరూ చిట్టి అంటారు. చుట్టం కాకపోయినా కుట్లమ్మని పెద్దమ్మా అని పిలుస్తుంది. పాత ఫ్యాషన్లంటే ఆ పిల్లకి పిచ్చి. పరదాలతో గౌన్లు, ప్యాంటు కాళ్ళతో సంచులు, టైలతో నడుం పట్టీలు చేయిస్తుంది. దారిలో పెచ్చులూడిన గోడ కనిపించినా చాలు, పరిగెత్తుకొచ్చి, "పెద్దమ్మా, ఆకుపచ్చ కింద ఇటుకరంగు ఎంత బాగుందో. ఆ చొక్కాకి అలాంటి కాలరు వేద్దాం" అంటుంది. కుట్లమ్మ వేస్తుంది. అది వీధివైపు అద్దాల కిటికీలోకి ఎక్కితే కుర్రకారు ఎగబడతారు. తాతలు బతికుండగా చెప్పిన మాట ఒక్కటీ వినరు గానీ, వాళ్ళ చొక్కాలు మాత్రం కావాలి.

ఇన్ని దయ్యాల మధ్య నిమ్మళంగా కూర్చునే కుట్లమ్మకి భయం ఒక్క కోటంటేనే. గోధుమరంగు ఉన్ని కోటు. సంచిలోంచి ఆ రంగు తొంగిచూస్తే చాలు, ఆవిడ చేతిలో పని వదిలేసేది. గబగబా కోటు ఎడమ భుజం తడిమేది. కాదని తేలాక మంచినీళ్ళు తాగి పనిలో పడేది. ఈ దుకాణానికి వచ్చే కోట్లు చాలావరకు తొడిగే మనిషి పోయాకే వస్తాయి మరి.

ఆ కోటు ఆవిడ తమ్ముడిది. తల్లీతండ్రీ పోతే వాణ్ణి తనే పెంచింది. చిన్నప్పుడు గోడ మీంచి పడి వాడి ఎడమ భుజం కిందికి జారిపోయింది. వాడికి ఉద్యోగం వచ్చిన రోజున ఈవిడే కోటు కుట్టింది. ఎడమ భుజం లోపల దూదిమెత్త రెండు పొరలు పెట్టింది, కుడివైపు ఒక్కటే. తొడుక్కుని అద్దం ముందు నిలబడితే భుజాలు రెండూ సమానంగా కనిపించాయి. "అక్కా, నా వంకర తీసేశావే" అని వాడు మురిసిపోయాడు.

కొన్నాళ్ళకి వాడు ఒక అమ్మాయిని ఇంటికి తీసుకొచ్చి పెళ్ళి చేసుకుంటానన్నాడు. తనకి మాట మాత్రమైనా చెప్పలేదని అక్కకి కడుపు మండింది. ఆ పిల్ల పాపం మంచి చేసుకుందామనుకుని, కోటుకి ఊడి వేలాడుతున్న రెండో గుండీని తీసుకుని తనే కుట్టింది. నాలుగు బెజ్జాల్లోంచి దారాన్ని అడ్డదిడ్డంగా పోనిచ్చి గట్టిగా లాగితే గుడ్డ కాస్తా ముడుచుకుపోయింది. కుట్లమ్మ నోటితో నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. బ్లేడు తీసుకుని, ఆ పిల్ల చూస్తుండగానే ఆ గుండీ విప్పి, తన పద్ధతిలో మళ్ళీ కుట్టి, పళ్ళతో దారం తెంపింది.

ఆ పిల్ల తల దించుకుంది. తమ్ముడు కోటు తొడుక్కుని, "పద, వెళ్దాం" అన్నాడు.

"వెళ్తే వెళ్ళు. ఆ పిల్లని మాత్రం మళ్ళీ నా గడప తొక్కనివ్వను" అంది అక్క.

ఆ నోటి దురుసుతనం ఆవిడ బతుకునంతా తినేసింది. వాడు మళ్ళీ రాలేదు. కబురు పెట్టడానికి ఈవిడకి అహం అడ్డొచ్చింది. అహం దిగేసరికి వాడు ఇల్లు మారిపోయాడు, ఎక్కడికి వెళ్ళాడో చెప్పేవాళ్ళు లేరు.

ఒక మధ్యాహ్నం చిట్టి ఎప్పట్లాగే ఒక సంచి తెచ్చి బల్లమీద బోర్లించింది. గోధుమరంగు. కుట్లమ్మ చెయ్యి తనంతట తనే ఎడమ భుజం మీదికి పోయింది. రెండు పొరలు. కుడివైపు తడిమింది. ఒకటి.

"పెద్దమ్మా, అలా అయిపోయావేంటి?"

"కాసేపు తలుపు వేసి వెళ్ళమ్మా."

కోటు తిరగేసి చూసింది. మోచేతి దగ్గర ఒక అతుకు, బెత్తెడేసి కుట్లు, కొత్తగా నేర్చుకుంటున్న చెయ్యి. జేబు మూల ఇంకో బాగుచేత, అది కాస్త నయం. లోపలి అస్తరు అంచు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెయ్యి ఆగింది. అది తన కుట్టే, కానీ తను కుట్టింది కాదు. తమ్ముడు తెచ్చుకున్న ఆ పిల్ల ఈ కోటులోని కుట్లమ్మ కుట్లు చూసి చూసి నేర్చుకుంది. దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పాల్సిన మనిషి బ్లేడు పట్టుకుంటే, ఆ మనిషి వదిలిన దారాల దగ్గర కూర్చుని నేర్చుకుంది.

పక్క కుట్లు లోపలికి జరిపారు. మళ్ళీ జరిపారు. ఆ తర్వాత ఇంకా లోపలికి. మనిషి చిక్కిపోతూ వచ్చాడన్నమాట. వణికే వేళ్ళకి తేలిగ్గా ఉండాలని కాజాలు కొంచెం వెడల్పు చేశారు. మెడ ఒరుసుకోకుండా కాలరు లోపల మెత్తటి గుడ్డ వేశారు. తమ్ముడు పోయాడని ఆవిడకి ఒక్కరూ చెప్పలేదు, ఈ కోటే చెప్పింది. వాణ్ణి చిన్నప్పుడు పెట్టుకున్నట్టే కోటుని ఒళ్ళో పెట్టుకుని కుళ్ళికుళ్ళి ఏడ్చింది.

ఏడుపు తగ్గాక కనిపించింది, రెండో గుండీ లేదు. లోపలి జేబులో చెయ్యి పెడితే చిన్న గుడ్డముక్క దొరికింది. అందులో గుండీ, దారం ఎక్కించిన సూది.

చిట్టిని పిలిచింది. "ఎవరిచ్చారే ఇది?"

"ఒకావిడ. జుట్టంతా నెరిసింది. మెట్టు కూడా ఎక్కలేదు పెద్దమ్మా, బయట నిలబడే సంచి అందించింది. కుట్లు విప్పే ఆవిడ ఇంకా ఉన్నారా అని అడిగింది. పిలవనా అంటే వద్దంది. బాగుచేసి అద్దాల కిటికీలో పెడతారుగా, అప్పుడొచ్చి చూసుకుంటానంది."

గడప తొక్కొద్దన్న మాటని ఆ పిల్ల ఇప్పటికీ పాటిస్తోంది. కుట్లమ్మకి సిగ్గుతో తల వాలిపోయింది. మరదలు మళ్ళీ ఒక్కసారే వస్తుంది. ఆ ఒక్కసారికీ కిటికీలో ఏం కనపడాలో ఈ గుండీతోనే చెప్పాలి.

సూది అందుకుంది. ఏళ్ళ తరబడి అలవాటైన చెయ్యి, తిన్నగా తప్ప కుట్టనని మొండికేసింది. తప్పుగా కుడదామన్నా చక్కగానే వచ్చింది, విప్పింది. మళ్ళీ చక్కగా వచ్చింది. ఇంత పనిమంతురాలికి ఒక వంకర గుండీ కుట్టడానికి ముచ్చెమటలు పోశాయంటే నవ్వొస్తుంది గానీ, ఆ సమయంలో అక్కడుంటే మీరు నవ్వరు. చివరికి దారం అడ్డదిడ్డంగా పడింది. గట్టిగా లాగింది. గుడ్డ ముడుచుకుంది, ఆ రోజు ముడుచుకున్నట్టే.

"పెద్దమ్మా, ఇదొక్కటే వంకరపోయింది. విప్పేసి ఇవ్వనా?" అంది చిట్టి.

"దానిమీద చెయ్యి వేశావంటే ఊరుకోను."

కోటుని బొమ్మకి తొడిగి అద్దాల కిటికీలో నిలబెట్టారు. కుట్లమ్మ తన బల్లని ముందుగదిలోకి జరిపించుకుంది. వెనకనుంచి చూస్తే వాడే, భుజాలు సమానంగా పెట్టుకుని వీధిలోకి చూస్తున్నాడు. పని మధ్యలో తలెత్తినప్పుడల్లా ఇప్పుడిటు తిరుగుతాడేమో అనిపించేది. ఒక్కోసారి, "ఇంకా రాలేదేరా" అని అడిగేది. ధర అడిగినవాళ్ళకి అమ్మడానికి కాదని చెప్పి పంపేది. రోజులు గడిచేకొద్దీ ఆవిడ ముఖం పీక్కుపోయింది.

ఒక పొద్దున నెరిసిన జుట్టున్న ఒకావిడ అద్దాల కిటికీ ముందు ఆగింది. కాలరు చూసింది. భుజం చూసింది. రెండో గుండీ దగ్గర చూపు నిలిచిపోయింది. వేలు ఎత్తి అద్దం మీద ఆ గుండీ ఉన్న చోట ఆనించింది.

కుట్లమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి రోడ్డు మీదికి వెళ్ళింది.

"వాడికి చివర్లో చలి వేసిందా?" అంది.

"లేదు వదినా. కోటు ఒంటిమీదే ఉంచుకున్నాడు."

వదినా అన్న ఆ పిలుపు ఆవిడ జీవితంలో మొదటిసారి వింది. మరదలి చెయ్యి పట్టుకుంది. మరదలు మెట్టు వంక చూసి ఆగింది. కుట్లమ్మ ఆ చెయ్యి వదలకుండానే ఒక్కో మెట్టూ ఎక్కించి లోపలికి తీసుకొచ్చింది.

మరదలు కోటు దగ్గరికి వెళ్ళి గుండీని వేలితో తడిమింది.

"వంకరగా ఉంది వదినా. నాకిప్పుడు బాగా వచ్చు. విప్పి కుట్టనా?"

"ఉండనీ" అంది కుట్లమ్మ.