పొడి కాగితానికి వచ్చిన వాసన

నవంబరు పదకొండో తేదీ, మంగళవారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. నిజామాబాద్‌లో మా వరండా గోడకున్న థర్మామీటరు పదిహేడు డిగ్రీలు చూపుతోంది. గాలి లేదు. పొగమంచులో ఎదురింటి గేటు సగమే కనిపిస్తోంది. మా ఆవిడ ముక్కును నేను పరీక్షించడం మొదలుపెట్టింది అప్పుడే.

సెప్టెంబరులో వచ్చిన జ్వరం పన్నెండు రోజుల్లో తగ్గింది కాని, పోతూ పోతూ ఆమెకు వాసన తెలియకుండా చేసింది. పాలు మాడి గిన్నె నల్లబడుతున్నా పక్కనే కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతూ ఉండేది. ఒకనాడు పక్కవీధి నుంచి వచ్చిన మనవరాలి తలను ముద్దుపెట్టుకుని, "గోడను ముద్దువెట్టుకున్నట్టున్నది" అంది. ఆ మాట నా నోటుబుక్కులో తేదీతో సహా ఉంది. రోజూ ఒకే వాసనను ఒకే వేళకు చూపించమనీ, వాసన మళ్లీ తెలియవచ్చు, తెలియకపోవచ్చుననీ డాక్టరు చెప్పారు.

ఏ వాసన చూపించాలన్న విషయంలో నాకు సందేహం కలగలేదు. కిందటేడు మా అల్లుడు పూసుకొచ్చిన ఖరీదైన సెంటును ఆమె గుమ్మంలోనే పసిగట్టి, "మన ఇంటికి తలుపులు చెక్కిన నాటి వాసన" అని మురిసింది. ఆ సీసా మా తాహతుకు మించినది. దాన్ని పోలినది కంఠేశ్వర్‌లోని ఒక దుకాణంలో చవకగా దొరికింది.

"అదే వాసనేనా?" అని అడిగాను.

"సార్, గది అన్న, గిది తమ్ముడు. మొఖం ఒక్కటే, ఇల్లే చిన్నది" అన్నాడు దుకాణదారు.

నేను బోధన్ వైపు ఒక చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసినవాణ్ని. పక్కన ఖాళీ నమూనా లేని పరీక్షను పరీక్షగా లెక్కించను. అందుచేత ఫ్యాక్టరీ రోజుల నుంచి రేకుడబ్బాలో దాచుకున్న వడపోత కాగితాన్ని రెండు ముక్కలు చేసి, ఒకదాని మీద సెంటు ఒక్కసారి కొట్టి, రెండోదాన్ని పొడిగా ఉంచేవాణ్ని. ఆమె కళ్లు మూసుకునేది.

"ఏ చేతిలో ఉంది?"

"ఏ చేతిల లేదు. నీ పరీక్షల నేను ఫెయిలని రాస్కో."

నలభై రెండు ఉదయాలు అలాగే రాసుకున్నాను.

నలభై మూడోనాడు ఆమె పొడి కాగితాన్ని పట్టుకుని, "దీనికి వస్తున్నది" అంది. తప్పు అని రాశాను. మర్నాడూ అదే జవాబు, మూడోనాడూ అదే. నా ఆరాటం చూడలేక ఏదో ఒక చెయ్యి చూపుతోందని అనుకున్నాను.

"నా కోసమని రాని వాసన వచ్చిందని చెప్పకు" అన్నాను.

ఆమె కళ్లు తెరిచింది. "నేనెందుకు అబద్ధమాడుత? చెక్క వాసనని అన్ననా? గిది నీ అంగి వాసన. డ్యూటీ దిగి వస్తే, నువ్వు వాకిట్ల సైకిలు ఆపకముందే వచ్చేది. గన్ని ఏండ్లు ఉతికిన, నాకు ఎరుక లేదా?"

కాగితాన్ని ముక్కుకు ఆనించుకున్నాను. నాకేమీ తెలియలేదు. అన్నేళ్లు ఆ వాసనలోనే ఉన్నవాడికి అది వాసన కాదు. డబ్బాను బోర్లించాను. అడుగున మొలాసిస్ నమూనా సీసా ఒకటి ఉంది, చక్కెర తీశాక మిగిలే ఆ నల్లని పాకంతో. మూత వదులై, కింది కాగితాల అంచులకు గోధుమరంగు పాకింది. మధ్యభాగం తెల్లగానే ఉండడంతో పొద్దుటి మసకలో నేను అంచులు చూడలేదు. సెంటు కొట్టిన ముక్కలో, ఆమెకు సెంటు ఇంకా తెలియకపోయినా, దాని ఘాటు ఆ వాసనను కప్పేసి ఉండాలి. నా ఖాళీ నమూనా ఖాళీగా లేదు. ల్యాబులో ఇంకెవరు ఈ పొరపాటు చేసినా ఊరుకునేవాణ్ని కాను.

ఆమె ముక్కు ఆనాడే తెరుచుకుందో, మరకపడ్డ కాగితాలు ఆనాడే చేతికొచ్చాయో తేల్చే ఆధారం నా దగ్గర లేదు. రెండూ రాశాను. మూడు తప్పులను కొట్టేసి, పక్కన సరి అని దిద్ది, సంతకం పెట్టాను.

"ఇప్పుడన్న పాసైననా?" అంది ఆమె.

"ఫెయిలైంది నేను" అన్నాను.

మర్నాటి నుంచి కొత్త కాగితం వాడాం. యాభై ఒకటోనాడు ఆమె సెంటు ఉన్న చేతిని పట్టుకుని చాలాసేపు వదల్లేదు. "తలుపులు" అంది మెల్లగా.

అరవయ్యో ఉదయం జనవరి తొమ్మిది, శుక్రవారం, పదమూడు డిగ్రీలు. సీసా ఆనాటితో అడుగంటింది. ఆ సాయంత్రం మనవరాలు వస్తే, ఆమె వంగి తల ముద్దుపెట్టుకుని, "కొబ్బరినూనె ఇంత పెట్టిందా మీ అమ్మ" అంది. అది పరీక్ష కాదు కనుక లెక్కలో చేర్చలేదు.

అరవై ఉదయాలకు సరైన జవాబులు ఏడు. మూడు మొలాసిస్‌వి, నాలుగు చెక్కవి.