కొండ మీదికి మోసిన నీళ్ళు

కొండెక్కితే జీవితం అర్థమవుతుందని చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మహేంద్రగిరి నేను ఒక్కసారే ఎక్కాను. నాకు అర్థమైనవి నా మోకాళ్ళు మాత్రమే. అయినా రాస్తున్నానంటే, ఆ ప్రయాణం నాది కాదు కాబట్టి. అది మా తమ్ముడిది.

వాడుండేది ఉద్దానంలో, మా పుట్టింట్లోనే. ఒక పక్క సముద్రం, చుట్టూ కొబ్బరి, జీడి తోటలు. మబ్బు లేని రోజు పెరట్లో నిలబడితే వాయవ్యాన ఆ కొండ నీలంగా కనిపిస్తుంది. నలభై దాటేదాకా వాడు దాన్ని చూడ్డమే గాని అటు అడుగు వేసింది లేదు. కొబ్బరికాయల కావిడి భుజాన వేసుకుంటే మనిషి కనిపించడు, కాయలే నడిచొస్తున్నట్టుండేది. అలాంటివాడికి కాళ్ళు పొంగాయి, అన్నం సయించలేదు. మా ఊళ్ళో కిడ్నీ మాట జలుబు మాటంత మామూలు కాబట్టి, పరీక్ష చేయించకముందే అందరికీ తెలిసిపోయింది.

డయాలసిస్ తప్పదన్నారు. దానికి ముందు, సూదులు గుచ్చడానికి వీలుగా ఎడం చేతికి చిన్న ఆపరేషన్ చెయ్యాలనీ, ఆ తర్వాత ఆ చేత్తో బరువులెత్తకూడదనీ చెప్పారు. వాడు అన్నిటికీ తలూపి, ఇంటికొచ్చి ఒకటే మాటన్నాడు. ఆపరేషన్‌కి ముందు కొండెక్కొస్తానన్నాడు.

డాక్టరు వద్దనలేదు, సరేననీ అనలేదు. మెల్లగా వెళ్ళు, ఆయాసమొస్తే అక్కడితో దిగిపో, నీళ్ళు మాత్రం మానకు అన్నాడు. మరదలు పలాసలో మా ఇంటికొచ్చి, "వదినా, నా మాటెలాగూ ఇనడు. నువ్వు కూడా ఎల్లు" అని నా చెయ్యి పట్టుకుంది. అలా కాదనలేక బయల్దేరాను.

ఇక్కడ మా నీళ్ళ సంగతి చెప్పాలి. ఉద్దానంలో ఈ జబ్బుకి కారణం ఇదీ అని ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. మేం మాత్రం నీళ్ళేనని తేల్చేసుకున్నాం. నూతి నీళ్ళు స్నానానికీ, పశువులకీ. తాగడానికి ప్లాంటు నుంచి క్యాన్లు కొనుక్కుంటాం. చుట్టాలింటికి వెళ్ళినా సీసా మాతోనే వస్తుంది. మంచినీళ్ళిస్తే సీసా చూపించి వద్దంటాం. ఇచ్చినవాళ్ళు చిన్నబుచ్చుకోరు, ఎందుకంటే వాళ్ళు మా ఇంటికొచ్చినా అంతే. వియ్యాలవారి దగ్గర కూడా చెల్లిపోయే మర్యాద ఇది. తమ్ముడు కూడా పది లీటర్ల క్యాను నింపి, చుట్ట చేసిన తువ్వాలు మీద పెట్టి, భుజాన వేసుకుని బయల్దేరాడు. కొండకి నీళ్ళు మొయ్యడమేమిటని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

మందస దాటాక కొండ కింద ఊళ్ళో ఉన్న సవర గిరిజనుడు ఒకాయన్ని దారి చూపించడానికి ఫోన్లో మాట్లాడుకున్నాం. శివరాత్రికి యాత్రికుల్ని పైకి తీసుకెళ్తుంటాడు. మేం వెళ్ళేసరికి వాకిట్లో నిలబడి, సిగ్నలు కోసం ఫోను గాల్లో తిప్పుతున్నాడు. మమ్మల్ని చూసి నవ్వి, మంచం వాల్చాడు. ఆయన భార్య స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చింది.

"వద్దమ్మా, మావు తెచ్చుకున్నాం" అని తమ్ముడు క్యాను మీద తట్టాడు. నేనూ నా సీసా ఎత్తి చూపించాను.

ఆమె గ్లాసుతో లోపలికి వెళ్ళిపోయింది. ఆయన ఫోను జేబులో పెట్టుకుని కర్ర తీసుకున్నాడు. "ఎల్దాం రండి" అన్నాడు. తర్వాత చాలాసేపు ఆయన నోటివెంట వచ్చిన మాట ఒక్కటే. ఇంకెంత దూరమని నేను అడిగినప్పుడల్లా "అదుగో" అనేవాడు. ఆ అదుగో ఎంతకీ వచ్చేది కాదు. మనిషి పొగరనుకున్నాను.

ఎండెక్కేకొద్దీ తమ్ముడు ఆ భుజం నుంచి ఈ భుజానికి క్యాను మార్చుకుంటూ నడిచాడు. రెండు మలుపులకోసారి కూర్చునేవాడు. సగం నీళ్ళు పారబొయ్యరా అంటే ఒప్పుకోలేదు. నన్ను మొయ్యనివ్వలేదు.

"మల్లీ ఈ సెయ్యి బరువెత్తకూడదంట గదక్కా. ఈ పాలికి మొయ్యనీ" అన్నాడు.

నేను క్యాను మీంచి చెయ్యి తీసేశాను.

కొండ సగంలో ఒక ఊట ఉంది. రాతి పగుల్లోంచి వచ్చే నీళ్ళకు ఎవరో చీల్చిన వెదురు బద్ద అమర్చారు. ఆయన కడుపునిండా తాగి మొహం కడుక్కున్నాడు. ఆ ధార పక్కనే తమ్ముడు కూలబడి, క్యాను మూత తిప్పి, మా ఊరి నీళ్ళు తాగాడు. మొహం పాలిపోయి ఉంది.

ఆయన మావైపు చూడకుండానే అన్నాడు. "ఇక్కడినించి తిరిగెల్లిపోదాం బాబూ. నువ్వెక్కలేవు."

"ఎక్కుతాను."

"ఆ డబ్బాతో ఎక్కలేవు. మా ఇంట్లో నీలు ముట్టలేదు. ఈ ఊట నీలూ ముట్టలేదు. సవరోల నీలు పనికిరానోలకి మా కొండెందుకు?"

అప్పుడుగాని నాకు తెలిసిరాలేదు. పల్లంలో భూములున్నవాళ్ళు కొండవాళ్ళ గ్లాసు వద్దంటే దానికి ఇక్కడ ఒక్కటే అర్థం. సిగ్గుతో చచ్చిపోయాను. ఏదో సర్దిచెప్పబోతే తమ్ముడు నన్ను ఆపాడు.

"అది కాదు మావా. నాకు నీలంటే బయం. మీ నీలని కాదు, మా నూతి నీలన్నా బయమే. మా నాయన ఈ జబ్బుతోనే పోనాడు, మా బాబాయీ అంతే. ఇప్పుడు నాను. మా అత్తోరింటికి ఎల్లినా సీసా అట్టుకెల్తాను" అని, లుంగీ కాస్త ఎత్తి వాచిన పాదాలు చూపించాడు.

ఆయన ఆ పాదాలకేసి చూసి, "ముందే సెప్పలేదేటి?" అన్నాడు.

"సెప్తే తీసుకురావని."

"తీసుకురాను. జబ్బు మనిసిని పైకెక్కించి, ఏటన్నా అయితే ఎవులకి సెప్పుకోవాలి?"

తమ్ముడు బతిమాలలేదు. క్యాను దగ్గరికి లాక్కుని నీళ్ళన్నీ రాళ్ళ మీద పారబోశాడు. మా ఊళ్ళో ప్లాంటు నీళ్ళు నేల మీద పోసినవాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. తర్వాత వెదురు బద్ద దగ్గరికి వెళ్ళి వంగాడు. దోసిలి పట్టాడు గాని, ధార కిందికి చేతులు పోనివ్వలేకపోయాడు. అలాగే ఉండిపోయాడు.

ఆయన ఒక ఆకు తెంపి, దొన్నెలా మడిచి, నీళ్ళు పట్టి వాడి దోసిట్లో పోశాడు. వాడు తాగాడు. మళ్ళీ పోశాడు, మళ్ళీ తాగాడు. నీళ్ళు మోచేతుల వెంట కారి చొక్కా తడిసిపోయింది.

"సల్లగున్నాయక్కా" అన్నాడు. నేనూ తాగాను, భయపడుతూనే.

ఆయన ఖాళీ క్యానుకి తాడు కట్టి తన వీపున వేసుకున్నాడు. "నాను కూకోమంటే కూకోవాల. దిగిపోదామంటే దిగిపోవాల. మద్దిన మాటాడకూడదు" అన్నాడు. తమ్ముడు బుద్ధిగా తలూపాడు.

మేం పైకి చేరాం. భీముడి గుడి రాళ్ళ దగ్గర నిలబడి వాడు తూర్పుకేసి వెతికాడు. మబ్బు పట్టి సముద్రం కనిపించలేదు. అంత దూరం వచ్చి ఇదా అని నాకు కోపమొచ్చింది. వాడు మాత్రం, "ఉంటాదిలే, ఎక్కడికెల్పోతాది" అని రాయికి ఆనుకుని కూర్చున్నాడు. అక్కడ పట్నం నుంచి వచ్చిన కుర్రాళ్ళు గుండ్రంగా కూర్చుంటే, వాళ్ళ మేస్టారు ఒక్కొక్కర్నీ కొండ మీకేం నేర్పిందని అడుగుతున్నాడు. మమ్మల్నీ వదల్లేదు.

"దాహమేసిందండి. నీలు తాగినాను" అన్నాడు తమ్ముడు.

మేస్టారు ఇంకేదో వస్తుందని చూసి, పక్కవాడి దగ్గరికి వెళ్ళిపోయాడు.

దిగాక తమ్ముడు తిన్నగా వాళ్ళ వాకిట్లోకి వెళ్ళి మంచినీళ్ళడిగాడు. ఆమె ఒకసారి భర్త మొహం చూసి, పొద్దున్న తెచ్చిన గ్లాసే తెచ్చింది. వాడు తాగి, ఇంకో గ్లాసడిగాడు.

ఇప్పుడు వాడు వారానికి మూడుసార్లు పలాస వచ్చి డయాలసిస్ చేయించుకుంటున్నాడు. ఒంట్లో నీరు చేరకుండా ఇప్పుడు నీళ్ళు కొలిచే తాగాలి. పొద్దున్నే మరదలు ఒక సీసా నింపి పెడుతుంది, మర్నాటిదాకా అదే. మాత్రలకీ అందులోంచే. దాహమేస్తే యాలక్కాయ చప్పరిస్తాడు గాని, దాని గురించి వాడు మాట్లాడడు. ఒక్కోసారి ఆ ఊట ఎలా ఉందో అంటాడు, అంతే. ఆ రోజు ఇంకొంచెం తాగమని నేను అనుండాల్సింది.

పోయిన ఎండాకాలం ఆయన కొండచీపుర్లు అమ్ముకోడానికి పలాస వచ్చి, తమ్ముణ్ణి చూడ్డానికి ఊరికి వచ్చాడు. ఆ రోజు నేనక్కడే ఉన్నాను. మరదలు క్యానులోంచి గ్లాసు నిండా నీళ్ళు పట్టి తెస్తోంది.

"ఉండు" అని తమ్ముడు ఆమెను ఆపి, తన సీసా మూత తీసి, వేరే గ్లాసులో పోసి ఆయనకిచ్చాడు.

ఆ సీసా ఏమిటో ఆయనకు తెలుసు, ఫోన్లో అన్నీ చెప్పుకుంటూనే ఉంటారు. వద్దంటాడనుకున్నాను. అనలేదు. రెండు చేతుల్తో అందుకుని, చుక్క మిగల్చకుండా తాగి, "సల్లగున్నాయి అల్లుడూ" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు, వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆ సాయంత్రమంతా తమ్ముడు నోట్లో యాలక్కాయ పెట్టుకుని చప్పరిస్తూ, పెరట్లో కొండకేసి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.